పైథాన్ ల్యాబ్ రికార్డులో ఒక బగ్ రిపోర్టుకు చోటివ్వండి

కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ సిలబస్‌ను నిర్ణయించే గౌరవనీయులైన ఆచార్యులకు,

పైథాన్ ల్యాబ్ గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. ఇవాళ ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి తీసుకున్నా పిల్లలు ఎక్కడో ఒకచోట పైథాన్‌ను దాటుకునే వెళ్తున్నారు. ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచి వరస, మాత్రికల గుణకారం, ఫైలులో పదాల లెక్క, ఇలా ప్రయోగాల జాబితా సాగుతుంది. ఆ జాబితాలో ఒక ప్రయోగం అదనంగా చేర్చండని నా విన్నపం. ఒక ప్రోగ్రామింగ్ భాషలోనో, దాని లైబ్రరీలోనో, దాని డాక్యుమెంటేషన్‌లోనో ఉన్న లోపాన్ని విద్యార్థి పట్టుకోవాలి. దాన్ని ముక్కూముఖం తెలియని మరో మనిషి తన కంప్యూటర్‌లో సరిచూసుకోగలిగేలా రాసి చూపించాలి. అంతే ఆ ప్రయోగం.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలతో రోజూ పనిచేసేవాణ్ని. వాళ్లకు తెలివికి కొదవ లేదు, కష్టపడటానికీ వెనకాడరు. కానీ పని ఎక్కడైనా ఆగిపోతే మాత్రం నా ఫోనుకు ఒక ఫొటో వస్తుంది. ల్యాప్‌టాప్ తెరను వాలుగా పట్టుకుని తీసిన ఫొటో. కింద ఒకే మాట: “సార్, ఎర్రర్ వస్తోంది.” ఏ వెర్షన్ వాడుతున్నారో ఉండదు, ఏ ఇన్‌పుట్ ఇచ్చారో ఉండదు, ఏం రావాలనుకుంటే ఏం వచ్చిందో ఉండదు. పైథాన్ ఇచ్చే ట్రేస్‌బ్యాక్‌లో అసలు సంగతి చిట్టచివరి వరుసలో ఉంటుంది. ఫొటోలో పడకుండా మిగిలిపోయేది చాలాసార్లు ఆ వరుసే.

ఇందులో పిల్లల తప్పు నాకు కనిపించదు. నాలుగేళ్లలో వాళ్లను ఆ పని ఎవరూ అడగలేదు. ల్యాబ్‌లో ప్రోగ్రాం మొరాయిస్తే ఇన్‌స్ట్రక్టర్ గారు వచ్చి, కీబోర్డు తమవైపు లాక్కుని, సరిచేసి వెళ్తారు. లేదంటే పక్క సిస్టమ్‌లో నడిచిన కోడ్ పెన్‌డ్రైవ్‌లో వచ్చేస్తుంది. రికార్డు తెరిచి చూడండి, ప్రతి ప్రోగ్రామూ మొదటిసారే సలక్షణంగా నడిచినట్టు ఉంటుంది. అవుట్‌పుట్ అన్న శీర్షిక కింద తప్పు జవాబు రాసి, అది ఎందుకు తప్పో వివరించిన రికార్డుకు సంతకం పెట్టే అలవాటు మన కాలేజీల్లో లేదు. పొలంలో తెగులు వస్తే రైతు ఉత్తచేతులతో వ్యవసాయాధికారి దగ్గరికి పోడు. మచ్చపడిన ఆకు, వీలైతే వేరుతో సహా పీకిన మొక్క, ఏ మందు ఎప్పుడు కొట్టాడో ఆ వివరం వెంట తీసుకెళ్తాడు. మన ఇంజనీరింగ్ పట్టభద్రుడికి ఆపాటి శిక్షణైనా ఇవ్వకుండా పంపిస్తున్నాం.

మాట తేలిపోకుండా ఒక ఉదాహరణ విప్పి చూపిస్తాను. ఇది నేరుగా మన భాషకు తగిలే ఉదాహరణ.

పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల కోసం ‘రీ’ అనే మాడ్యూల్ ఉంది. అందులో బ్యాక్‌స్లాష్ పెట్టి డబ్ల్యూ రాస్తే, పదంలో ఉండదగ్గ అక్షరం అని అర్థం. పక్కన ప్లస్ గుర్తు పెడితే అలాంటి అక్షరాలు ఎంతవరకు వరసగా ఉంటే అంతవరకు ఒక పదం అన్నమాట. ఇంగ్లిష్ వాక్యం ఇచ్చి ‘ఫైండాల్’ చేయమంటే పదాలన్నీ చక్కగా ఏరి జాబితాగా ఇస్తుంది. ఇప్పుడు అదే ప్యాటర్న్‌కు ‘తెలుగు’ అన్న మాట ఇవ్వండి. ఒక పదం రావాలి. మూడు ముక్కలు వస్తాయి: త, ల, గ. ఎత్వమూ రెండు కొమ్ములూ కనిపించవు. ‘రాజమండ్రి’ ఇస్తే ర, జమ, డ, ర వస్తాయి. ‘విజయవాడ’ వ, జయవ, డ అవుతుంది. ‘వరంగల్’ వర, గల అని రెండుగా విరుగుతుంది. ‘కడప’ ఇస్తే మాత్రం కడపే వస్తుంది. ఆ పేరులో గుణింతం లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు గనక బతికిపోయింది.

దీని వెనక కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు, రెండో ఏడాది విద్యార్థికి చక్కగా అందుతుంది. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ ఒక వర్గం కేటాయించారు. మన అచ్చులూ హల్లులూ ‘లెటర్’ వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా ‘మార్క్’ వర్గంలో ఉన్నాయి. పైథాన్‌లో ‘ఈజ్‌ఆల్‌నమ్’ అనే పద్ధతి అక్షరాలనూ అంకెలనూ ఒప్పుకుంటుంది, మార్కులను ఒప్పుకోదు. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఆ పద్ధతి చెప్పినట్టే నడుచుకుంటుంది, అదనంగా అండర్‌స్కోర్‌ను చేర్చుకుంటుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గురించి యూనికోడ్ వాళ్లే ప్రచురించిన 18వ సాంకేతిక ప్రమాణం మాత్రం మార్కులను కూడా పదంలో భాగంగా చూడమంటోంది. పెర్ల్ భాష ఆ మాట పాటిస్తోంది. పైథాన్‌లో ఇన్ని వెర్షన్లు వచ్చినా ‘రీ’ మాడ్యూల్ పాటించడం లేదు.

ఇదే పైథాన్‌లో వేరియబుల్‌కు ‘తెలుగు’ అని పేరు పెట్టి చూడండి. నిక్షేపంగా ఒప్పుకుంటుంది. 2008 డిసెంబరులో వచ్చిన మూడో పైథాన్ నుంచి పేర్ల నియమం ఇతర లిపులకు తెరుచుకుంది, ఆ నియమంలో మార్కులకు చోటుంది. ౧౨౩ అని తెలుగు అంకెలు రాసి ‘ఇంట్’కు ఇస్తే 123 అని సంఖ్యగా మార్చి ఇస్తుంది. ఇంత ఆదరణ ఒకచోట ఉండగా, ఇంకోచోట అదే మాటను ముక్కలు చేస్తోంది. పెద్ద ప్రోగ్రామింగ్ భాషను వేర్వేరు మనుషులు వేర్వేరు ఏళ్లలో కట్టుకుంటూ వచ్చారని, అన్ని గదుల్లో ఒకే నియమం ఉండదని విద్యార్థికి కళ్లకు కట్టే సందర్భం ఇది.

దీనివల్ల ఎవరికి నష్టం అంటారా? ఒక దరఖాస్తు ఫారంలో ఊరి పేరు అక్షరాలతోనే ఉందో లేదో సరిచూడటానికి ప్రోగ్రామర్ ‘ఈజ్‌ఆల్ఫా’ వాడాడనుకోండి. కడపవాళ్లు లోపలికి వెళ్తారు, కర్నూలువాళ్లు బయట ఆగిపోతారు. కమల పేరు చెల్లుతుంది, సీత పేరు చెల్లదు. ఇది కనీసం వెంటనే బయటపడుతుంది, ఎవరో ఒకరు గొడవ చేస్తారు. చప్పుడు చేయకుండా పాడుచేసే చోటు వేరే ఉంది. మన కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులుగా తెలుగు సినిమా సమీక్షల మీద, తెలుగు ట్వీట్ల మీద సెంటిమెంట్ విశ్లేషణ చేస్తుంటారు. అందుకు ఎక్కువమంది ఎత్తుకునేది సైకిట్‌లెర్న్ లైబ్రరీలోని ‘కౌంట్‌వెక్టరైజర్’. దాని సహజ అమరికలో పదాన్ని గుర్తించే ప్యాటర్న్ కూడా బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీదే కట్టారు, పైగా కనీసం రెండు అక్షరాలు వరసగా ఉండాలని షరతు. ‘తెలుగు’ అన్న మాట ఇస్తే త, ల, గ విడివిడిగా ఒక్కో అక్షరమే కాబట్టి మూడూ షరతు దాటలేవు. ఆ పదం జాడే మిగలదు. ‘రాజమండ్రి’లో జమ ఒక్కటి మిగులుతుంది. ఎర్రర్ రాదు. ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. మోడల్ తయారవుతుంది, శాతాలు వస్తాయి, పట్టికలు గీస్తారు, వైవా అయిపోతుంది. ఆ మోడల్ చదివింది తెలుగు కాదని గైడ్ గారికీ తెలియదు, విద్యార్థికీ తెలియదు. కౌంట్‌వెక్టరైజర్ డాక్యుమెంటేషన్‌లో ఆ ప్యాటర్న్ గురించి వివరణ ఉంది. విరామచిహ్నాలను పట్టించుకోదని, వాటిని పదాల మధ్య హద్దులుగా చూస్తుందని చెబుతుంది. అది చదివిన తెలుగు విద్యార్థికి తన గుణింతాలు విరామచిహ్నాల పద్దులో జమపడుతున్నాయని తట్టే అవకాశం లేదు.

2018 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. జ్ఞా అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన క్రమంలో కూర్చి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం గురించి రాశాయి. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది. గట్టిగా కూలిన తప్పుకు అంత శ్రద్ధ దొరికింది. నెమ్మదిగా తప్పు జవాబు ఇస్తూ పోయేదాన్ని గురించి చెప్పాలంటే ఆ భాష చదవగలిగినవాళ్లే నోరు విప్పాలి. న్యూయార్క్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో కూర్చున్న ప్రోగ్రామర్‌కు త, ల, గ అని వచ్చిన జాబితా చూస్తే అందులో తేడా ఉందని ఎలా తెలుస్తుంది? తెలుగు చదవగలిగిన విద్యార్థికి ఒక్క చూపు చాలు. మన పిల్లలకు ఈ రంగంలో పుట్టుకతో వచ్చిన అనుకూలత ఇది. దాన్ని వాడుకోవడం మనమే నేర్పలేదు.

ఈ సంగతిని ఎవరూ గమనించలేదని అనడం లేదు. పైథాన్ బగ్ ట్రాకర్‌లో 2007లోనే, దేవనాగరి లిపిలో పదాలు ముక్కలవుతున్నాయని ఒకరు నమోదు చేశారు. 2011 ఆగస్టులో పెర్ల్ పుస్తకాల రచయితగా పేరున్న టామ్ క్రిస్టియన్‌సెన్ యూనికోడ్‌కు సంబంధించిన లోపాలను వరసగా నమోదు చేస్తూ, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్రమాణానికి విరుద్ధంగా ఉందని గట్టిగా వాదించారు. కోడ్ మాత్రం మారలేదు. మార్చితే ఏళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాములు ఒక్కసారిగా వేరే జవాబులు ఇస్తాయి, ఆ జంకు అర్థం చేసుకోదగ్గదే. అయితే ఇంకొకటి మారింది, నన్ను ఈ లేఖకు పురిగొల్పింది కూడా అదే. ‘రీ’ మాడ్యూల్ డాక్యుమెంటేషన్‌లో ఒకప్పుడు, ఏ భాషలోనైనా పదంలో భాగం కాగల అక్షరాల్లో చాలావరకు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకు సరిపోతాయన్న అర్థంలో ఒక వాక్యం ఉండేది. తెలుగు విషయంలో అది పచ్చి అబద్ధం. ఇప్పుడక్కడ, ఈజ్‌ఆల్‌నమ్ ఒప్పుకునే అక్షరాలూ అండర్‌స్కోరూ అని సూటిగా ఉంది. ప్రోగ్రాం ప్రవర్తనలో ఇసుమంతైనా తేడా లేదు. చదివేవాడికి మాత్రం తేడా ఉంది. మొదటి వాక్యాన్ని నమ్మినవాడు రాత్రంతా తన కోడ్‌లో తప్పు వెతుక్కుంటాడు. రెండోది చదివినవాడు ఈజ్‌ఆల్‌నమ్ దగ్గరికి వెళ్లి, రెండు నిమిషాల్లో సంగతి గ్రహించి, మార్కులను పదంలో కలుపుకునే ‘రెజెక్స్’ అనే వేరే మాడ్యూల్ తెచ్చుకుంటాడు. ఒక్క వాక్యం మార్పు. నా దృష్టిలో ఆ వాక్యం అలమారాల్లో మగ్గుతున్న చాలా మినీ ప్రాజెక్టులకన్నా విలువైన ఇంజనీరింగ్.

పాఠంగా చూస్తే ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఒక ప్రశ్న. ఫలితం మనం అనుకున్నట్టు రానప్పుడు లోపం కోడ్‌లో ఉందా, డాక్యుమెంటేషన్‌లో ఉందా, మన అవగాహనలో ఉందా? దీన్ని తేల్చుకోవాలంటే విద్యార్థి మాన్యువల్ తెరిచి, ఆ భాగం అక్షరం అక్షరం చదవాలి. యూట్యూబ్ వీడియో చూస్తే తేలదు. పెద్ద ప్రోగ్రాంలోంచి సంబంధం లేనివన్నీ తీసేస్తూ, లోపం ఇంకా కనిపిస్తూనే ఉండే అతి చిన్న ప్రోగ్రాం దాకా రావాలి. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ కేసులో అది రెండు వరుసలు: మాడ్యూల్ తెచ్చుకోవడం ఒక వరుస, ‘తెలుగు’ మీద ఫైండాల్ నడపడం ఇంకో వరుస. ఆ రెండు వరుసల దాకా దిగిరావడంలోనే సగం సందర్భాల్లో, అరె తప్పు నాదే అని తెలిసిపోతుంది. అలా తెలిసినా ప్రయోగం నెగ్గినట్టే, మార్కులు పూర్తిగా ఇవ్వాలి. లోపం నిజంగా అవతలే ఉందని తేలితే పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఆ చిన్న ప్రోగ్రాం, రావలసింది, వచ్చింది, డాక్యుమెంటేషన్‌లోని ఏ మాటతో పొసగడం లేదో ఆ మాట రాసిపెట్టాలి. పుట్టీ ప్రోగ్రాం రచయిత సైమన్ టాథమ్ బగ్‌లను ఎలా నివేదించాలో 1999లో ఒక వ్యాసం రాశారు. చాలా భాషల్లోకి వెళ్లిన ఆ వ్యాసాన్ని ఒక ల్యాబ్ పీరియడ్‌లో చదివించవచ్చు.

డాక్యుమెంటేషన్ సరిదిద్దడాన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారని తెలుసు. కోడ్ రాయలేనివాళ్లు చేసుకునే పనిగా లెక్కకడతారు. ఈ చూపు ఎంత తప్పో పైథాన్ చరిత్రే చెబుతుంది. ఆ భాష మాన్యువళ్లు ఒకప్పుడు లేటెక్‌లో ఉండేవి. కామా సరిచేయాలన్నా లేటెక్ తెలిసుండాలి. గేయార్గ్ బ్రాండ్ల్ అనే డెవలపర్ వాటిని మామూలు టెక్స్ట్‌లాంటి రూపంలోకి మార్చి, దాన్నుంచి పేజీలు తయారుచేసే ‘స్ఫింక్స్’ అనే సాధనం కట్టారు. 2008లో పైథాన్ 2.6 మాన్యువళ్లు దానితోనే వచ్చాయి. ఒక భాష డాక్యుమెంటేషన్‌ను బాగుచేయడానికి పుట్టిన ఆ సాధనాన్ని 2016 నుంచి లినక్స్ కెర్నల్‌వాళ్లు కూడా వాడుతున్నారు. మాన్యువల్‌లో ఇచ్చిన ఉదాహరణలను నడిపి, రాసిన జవాబే వస్తోందో లేదో సరిచూసే ‘డాక్‌టెస్ట్’ మాడ్యూల్ పైథాన్‌తోపాటే వస్తుంది, టిమ్ పీటర్స్ రాసింది. మాన్యువల్‌లోని అబద్ధాన్ని యంత్రంతో పట్టుకోవచ్చన్న ఆలోచన ఎంత గొప్పదో విద్యార్థులకు చెప్పి తీరాలి. డోనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్లు ఇస్తానని ప్రకటించి దశాబ్దాలపాటు ఆ మాట నిలుపుకున్నారు. అచ్చుతప్పైనా, గణితంలో తప్పైనా ఆయన లెక్కలో తప్పు తప్పే.

పని జరిగే పద్ధతి కూడా నేర్పదగ్గది. పైథాన్ కోడ్ ఉన్న రిపాజిటరీలోనే డాక్యుమెంటేషన్‌కు ఒక ఫోల్డర్ ఉంది. మాన్యువల్ పేజీలో ‘షో సోర్స్’ నొక్కితే ఆ పేజీ మూలం కనిపిస్తుంది, ‘రిపోర్ట్ ఎ బగ్’ నొక్కితే ఎక్కడ చెప్పాలో కనిపిస్తుంది. వాక్యం మార్చాలని పంపినా కోడ్ మార్పుకు జరిగే పరిశీలనే జరుగుతుంది. ఒకరు చదివి, ఎందుకు అని అడుగుతారు. మొదటిసారి పంపేవాళ్లు కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం చేయాలి. ఆమోదం పొందిన దిద్దుబాటును పాత వెర్షన్ల మాన్యువళ్లలోకి చేర్చడానికి మిస్ ఇస్లింగ్టన్ అనే బాట్ ఉంది. బగ్ ట్రాకర్ సోర్స్‌ఫోర్జ్ నుంచి 2007లో సొంత ట్రాకర్‌కు, 2022 ఏప్రిల్‌లో గిట్‌హబ్‌కు మారింది. అన్నిసార్లు ఇల్లు మారినా పాత చర్చలను వదిలేయలేదు, 2007 నాటి దేవనాగరి ఫిర్యాదును ఈరోజు కూడా తెరిచి చదువుకోవచ్చు. బాగా రాసిన రిపోర్టు రాసినవాడి ఉద్యోగాలకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇంతవరకు విన్నాక మీలో కొందరికి, పుల్ రిక్వెస్ట్‌కు ఇన్ని మార్కులని సిలబస్‌లో పెట్టేద్దామనిపించవచ్చు. చేతులు జోడించి వేడుకుంటున్నాను, ఆ పని మాత్రం చేయకండి. 2020 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. హాక్టోబర్‌ఫెస్ట్ పేరుతో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇస్తామన్నారు. అది ఎంత తేలికో చూపిస్తూ మన దేశంలో ఒక వీడియో పాఠం వచ్చింది. రీడ్‌మీ ఫైలులో అవసరం లేని ఒక మాట చేర్చి పంపినవి వెల్లువెత్తాయి. వాటిని మూసేయడంతోనే మెయింటెయినర్లకు రోజులు గడిచాయి. నెల మొదటివారంలోనే నిర్వాహకులు నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సివచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుకు ఇదే గతి పట్టింది. ఒక వీడియో పాఠంలో చూపించింది చూపించినట్టు చేస్తూ, విద్యార్థులు తమ పేర్లు రీడ్‌మీలో చేర్చి పంపారు. అవతల ఉన్నవాళ్లలో చాలామంది జీతం లేకుండా, ఇంటి పని, ఉద్యోగం అయ్యాక కూర్చుని ఇవి చూసేవాళ్లు. పైథాన్ ట్రాకర్‌లో తెరిచి ఉన్న సమస్యలు ఇప్పటికే వేలల్లో ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఏటా చేరే విద్యార్థులందరూ మార్కుల కోసం తలా ఒక కామా మార్చి పంపితే ఆ మనుషుల మీద మనం చేసే దౌర్జన్యం అవుతుంది. మన పేరు చూడగానే రిపోర్టు చదవకుండా మూసేసే రోజు వస్తే నిజంగా మంచి రిపోర్టు రాసిన అమ్మాయి నష్టపోతుంది.

దీనికి తోడు ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌లు వచ్చాయి. లేని లోపాన్ని ఉన్నట్టుగా, చదవడానికి నమ్మకంగా ఉండేలా రాసిపెడతాయి. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో భద్రతా విషయాలు చూసే సెత్ లార్సన్ 2024 డిసెంబరులోనే, ఇలాంటి కల్పిత భద్రతా రిపోర్టులు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల సమయాన్ని తినేస్తున్నాయని బహిరంగంగా హెచ్చరించారు. విద్యార్థి తన కళ్ల ముందు నడిపి చూడని ఒక్క మాట కూడా రిపోర్టులో ఉండకూడదు. ఈ నియమాన్ని ప్రయోగం మొదటి వాక్యంగా ముద్రించండి.

అందుకే నా అభ్యర్థన ఇలా ఉంటుంది. రిపోర్టు ల్యాబ్ రికార్డులోనే ఉండాలి, మార్కులు ఆ రికార్డుకే ఇవ్వాలి. బయటికి పంపారా, ఆమోదం దొరికిందా అన్నది మార్కుల్లో లెక్కకు రాకూడదు. మూల్యాంకనం చేసే అధ్యాపకుడు చేయాల్సింది ఒక్కటే: ఆ రికార్డు పేజీ ముందు పెట్టుకుని, విద్యార్థిని ఏమీ అడగకుండా, మరో కంప్యూటర్‌లో ఆ లోపం తనకు కనిపిస్తుందో లేదో చూడటం. కనిపిస్తే ఆ రిపోర్టు బాగున్నట్టు. ఇంతకన్నా నిక్కచ్చిగా దిద్దగలిగే ప్రయోగం ఇప్పుడున్న జాబితాలో నాకు కనబడలేదు. పక్కవాడిది చూసి రాసినవాళ్లు, ఆ తర్వాత వైవాలో ప్రశ్నలు అడిగేసరికి దొరికిపోతారు. ఆ రికార్డుల్లో అధ్యాపకుడికి నిజంగా కొత్తదనిపించినవి, ట్రాకర్‌లో వెతికి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదని తేల్చుకున్నవి, ఒకటో రెండో ఉంటే డిపార్ట్‌మెంట్ సహాయంతో పంపించాలి. ఏ ఏడాదైనా ఒక్కటీ లేకపోతే ఒక్కటీ పంపనక్కర్లేదు.

భాష గురించి ఒక మాట. రికార్డులో రిపోర్టు మొదటి చిత్తుప్రతిని తెలుగులో రాయనివ్వండి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు లోపాన్ని చక్కగా పట్టుకుని, ఇంగ్లిష్ వాక్యం దగ్గర ఆగిపోవడం చూస్తూనే ఉన్నాం. ఏం రావాలి, ఏం వచ్చింది అన్నది తల్లిభాషలో స్పష్టంగా రాసుకున్నవాడికి తర్వాత నాలుగు సాదా ఇంగ్లిష్ వాక్యాలు కూర్చుకోవడం పెద్ద పని కాదు. పైథాన్ ట్రాకర్‌లో రాసే దేశదేశాల వాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ తల్లిభాష కాదు, సాదా వాక్యాలను అక్కడెవరూ తప్పుపట్టరు.

అధ్యాపకులకు దీనికి శిక్షణ ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మొదటి ఏడాది ఒక తెలిసిన లోపాన్నే అందరికీ ఇవ్వండి, పైన చెప్పింది సరిపోతుంది. దానికి కారణం ఉంది, చరిత్ర ఉంది, డాక్యుమెంటేషన్ మారిన తీరు ఉంది. దాన్ని కొత్తగా పంపాల్సిన అవసరం లేదు కాబట్టి అవతలివాళ్లకు ఇబ్బందీ లేదు. తర్వాతి ఏడాది నుంచి విద్యార్థులు తమంతట తాము వెతుక్కుంటారు. తెలుగు పదం పొడవు అడిగితే ఎంత చెబుతుంది, తిరగేసి రాయమంటే గుణింతాలు ఎక్కడికి పోతాయి, నిఘంటువు క్రమంలో పేర్చమంటే ఏమవుతుంది, ఇవన్నీ వాళ్లు తేలిగ్గా చేసి చూడగలిగినవే. వీటిలో కొన్ని లోపాలు, కొన్ని యూనికోడ్ పనిచేసే తీరు. ఏది ఏదో విడదీసి చెప్పడమే విద్యార్థికి పరీక్ష.

సిలబస్‌లో కొత్త గంటలు కూడా అక్కర్లేదు. ఫైలులో పదాలను లెక్కించే ప్రయోగం మీ జాబితాలో ఇప్పటికే ఉంది. వచ్చే రెగ్యులేషన్‌లో ఆ ప్రయోగం కింద రెండు మార్పులు చేయండి: ఇన్‌పుట్ ఫైలు తెలుగులో ఉండాలని, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వచ్చిన లెక్కనూ చేత్తో వేసుకున్న లెక్కనూ పక్కపక్కన రాసి, తేడాకు కారణం వివరించాలని. ఆ ప్రయోగానికి నోట్సు, నమూనా రిపోర్టు తయారుచేసి, అడిగిన ఏ కాలేజీకైనా ఉచితంగా ఇవ్వడానికి, వచ్చి అధ్యాపకుల ముందు చేసి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు,
హైదరాబాద్